చెలమనీళ్ళు

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ గెస్టుహౌసులో
పదకొండేండ్లుగా వంటమనిషిని.
మిల్లు బిగించేదానికొచ్చిన నిషిగాకి సారు
నాలుగు దినాలు నా పప్పు తిని
అయిదోనాడు పొట్ట పట్టుకొని కూచున్నాడు.

ఆరోనాడు పెట్టెలోంచి నల్లపలక ఒకటి తీసినాడు.
మూరెడు పొడుగు, అట్ట మాదిరి బిరుసు.
కోతమిషన్ల కాడ రాలిపడే నాపరాయి పెచ్చనుకొంటి.
"కొంబు" అన్యాడు.
"ఏ గొడ్డు కొమ్ము సారూ?" అంటి.
సూపర్‌వైజరు ఓబులేసు ఫోన్లో చదివి చెప్పినాడు:
సముద్రంలో పెరిగే ఆకంట. సలి సముద్రం.
నేను ఏ సముద్రమూ చూసిందాన్ని కాదు.

ఆకు మింద తెల్లగా బూజు మాదిరి ఉంటే
కొళాయి కింద పెట్టబోతి.
సారు ఉరికొచ్చి చెయ్యి పట్టుకొన్యాడు.
తడిబట్టతో అట్లా అద్దితే చాలంట,
రుచంతా ఆ తెలుపులోనే ఉండాదంట.
మా నాయన చేన్లో గూడా ఎండాకాలం
ఇట్లనే తెల్లగా తేలేది.
దాన్ని మేము చౌడంటిమి.
అడిగినోడు లేడు, కొన్నోడు లేడు.

బోరునీళ్ళలో నానేస్తిమి.
సన్న మంట. గిన్నె అంచుకు బుడగలు రాంగానే
ఆకు తీసెయ్యాల, తెర్లనీకూడదు.
సారు గంటెడు తాగి కండ్లు మూసినాడు,
తెరిచినాడు, తల అడ్డంగా ఊపినాడు.
నేనూ తాగితి.
వట్టి సున్నపునీళ్ళు.

అప్పుడు తట్టింది నాకు.
ఈ నీళ్ళలో కందిపప్పే ఉడకదు,
సబ్బుకు నురగ రాదు.
రాతికింద నీళ్ళు, రాయి మాదిరే మొండివి.
సముద్రపాకుతో మాత్రం మాట్లాడతాయా?

మర్సనాడు తెల్లారకముందే
ఓబులేసు బండికి రెండు బిందెలు కట్టుకొని
పెన్నలోకి దిగితిమి.
ఏరంతా ఇసుక.
మోకాటిలోతు తోడితే ఊరినాయి,
మొదట బురద, తర్వాత తేట.
కొబ్బరిచిప్పతో వంచి వంచి నింపుకొంటి.

ఆ నీళ్ళలో ఆకు రాత్రంతా పండుకొనింది.
పొద్దున చూస్తే మూరెడాకు గిన్నెంతా పరుచుకొని,
నీళ్ళకు లేత ఎండ రంగు.
ఉప్పు కాదు. తీపి కాదు.
మింగినాక గూడా నాలిక అంచుల్లో ఊరతానే ఉండాది.
సారు ఆ రుచికి ఏందో పేరు చెప్పినాడు. నిలవలేదు నాకు.
ఉలవలు ఉడకేసి వంచిన కట్టు,
కారమూ చింతపండూ పడకముందు,
మా యమ్మ నాకొక్కదానికే మూకుట్లో పోసిచ్చేది.
దానికి ఇది దూరపు చుట్టం.

ఆ నీళ్ళను దాషి అంటారంట.
దస్తగిరమ్మా అనేదానికి నోరు తిరగని సారు
ఆ పొద్దునుంచి నన్ను
"దాషిగిరీ" అనబట్టినాడు.

తీసేసిన ఆకు పారెయ్యాలంటే మనసొప్పలా.
రోట్లో వేసి, వేంచిన చెనక్కాయలు,
పచ్చిమిరక్కాయలు, చింతపండు పెట్టి
ఊరిబిండి నూరితి.
సంగటిముద్దకు అద్దుకొని సారు
ముక్కూ కండ్లూ కారతాంటే
ఇంకొంచెం అని చెయ్యి చాపినాడు.
పొట్టకేమీ కాలేదు.
అయ్యుంటే గూడా చెప్పలేదు.

మిల్లు తిరిగింది. సారు పాయె.
పోతా పోతా జానెడు ముక్క
పోపులడబ్బాలో మెంతుల పక్కన పెట్టినాడు.
వండేదానికి నాకు చెయ్యి రాలా.
ఎండదినం తాకితే పుటుక్కుమనేటట్టుంటాది,
గాలిలో తడి ఉంటే తోలు మాదిరి వంగతాది.

నిన్న మూత తీస్తే మెత్తగా ఉండాది.
మిద్దెమిందికి ఉరికి
ఆరబోసిన మిరక్కాయలన్నీ గోనెకెత్తితి.
వాన రాలేదు.
"నీ ఆకు జపాను వానను చెప్పింది లేమ్మా"
అని ఓబులేసు ఒకటే నవ్వడం.

ఈ పొద్దు మళ్ళా ఆరబోస్తాండా.
ఆకు మాత్రం
ఇంకా మెత్తగానే ఉండాది.